ఆరు ఎనిమిదైన ప్రోనోటు

చిత్తూరు కోర్టు ఆవరణలో దస్తావేజులు రాసేవాళ్లు ఆ రోజుల్లో తొమ్మిది మంది ఉండేవాళ్లు. రేకుల పంచ కింద వరసగా వాలు బల్లలు వేసుకుని కూర్చునేవాళ్లు. వాళ్లలో వరదయ్య దగ్గరికే జనం ఎక్కువ వచ్చేవాళ్లు. చేతిరాత అచ్చు గుద్దినట్టుండేది, మాట మెత్తన. ముప్పై ఏళ్లుగా ఆయన రాసిన కాగితం ఏదీ కోర్టులో వీగిపోలేదని పేరు. ఆ పేరు తనకు ఉందని ఆయనకూ తెలుసు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు, "కొట్టివేత ఉంటే పక్కన సంతకం తీసుకోండప్పా, దిద్దిన కాయితానికి దిక్కుండదు" అని హెచ్చరించేవాడు కూడా.

1979 అక్టోబరులో ఒక సోమవారం నాగులమ్మ ఆయన బల్ల ముందుకొచ్చి నిలబడింది. పూతలపట్టు క్రాసులో, తిరపతి బస్సులు ఆగే చోట ఆమెకు దోసెల అంగడి ఉంది. మొగుడున్నప్పుడు నాలుగు పాడి బర్రెలుండేవి. ఆయన పోయాక మేత చూసే దిక్కులేక వాటిని అమ్మేసి, వచ్చిన నాలుగు వేలూ బెల్లం మండీ ధనంజయకు వడ్డీకిచ్చింది. ధనంజయ వారానికి మూడు రోజులు ఆమె అంగట్లో తినే మనిషే. ఆ అప్పుకు ప్రోనోటు రాసింది వరదయ్యే. 'మీరుగాని, మీ ఆర్డరు పొందినవారుగాని కోరినప్పుడు అసలు, వడ్డీ చెల్లించగలవాడను' అని రాసి, పావలా రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా ధనంజయ చేత సంతకం పెట్టించాడు. సాక్షిగా మండీ గుమాస్తా కుప్పయ్య సంతకం చేశాడు.

నాగులమ్మ గుడ్డసంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఆయప్ప మండీ ఎత్తేసి గూడూరుకు పోయినాడు గదా, నిమ్మకాయల యాపారానికి. ఇప్పుడు తిరిగొచ్చినాడు. స్కూటరు కొన్న్యాడు. అడిగితే సూద్దాం సూద్దాం అంటాడు. కోర్టుకు పోతే వస్తాదంట గదా."

వరదయ్య కళ్లద్దాలు సర్దుకుని తేదీ చూశాడు. 14-6-1976. వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు. ప్రోనోటుకు మూడేళ్లే ఆయుష్షు. జూనుతోనే అయిపోయింది. నాలుగు నెలలు దాటింది.

"మూడేళ్లలోపల రావాల నాగులమ్మా. దాటిపోతే కోర్టు ముట్టుకోదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"నాకు ఎవురూ సెప్పలేదన్నా. నువ్వన్నా సెప్పింటే." మళ్లీ అంది. "ఆయప్ప గూడూర్లో ఉన్నప్పుడు ఒకసారి..."

"ఉండు నాగులమ్మా, నన్ను ఆలోచించనీ," అన్నాడు వరదయ్య.

నిజానికి ఆయన ఆలోచించలేదు. 'నువ్వన్నా సెప్పింటే' అని ఆమె అన్న మాట ఆయనకు గుచ్చుకుంది. రాసిచ్చిన రోజు గడువు సంగతి చెప్పాడో లేదో గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాలేదు. బర్రెలమ్మిన రూపాయలు. చదువు రాని మనిషి.

"కాయితం ఈడనే పెట్టిపో. గురువారం రా. ఏదన్నా దారి ఉందేమో చూస్తా," అని పంపించేశాడు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచి వెళ్లారు. పంచ కింద ఆయనొక్కడే మిగిలాడు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. సంవత్సరం ఒక్క చోటే ఉంది. అది తను రాసిన అంకే. సిరా అదే సీసాలోది. ఆరు అంకెకు పైన వదిలేసిన కొక్కేన్ని కాస్త వంచి బొడ్డుకు కలిపితే ఎనిమిదవుతుంది. అంతే. అప్పు అబద్ధం కాదు, సంతకం దొంగది కాదు. ఇవ్వాల్సినవాడు ఇవ్వాలి, రావాల్సినామెకు రావాలి. ఆయన కలం ముంచాడు. రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆరిన తర్వాత తనే పరాయివాడిలా దూరంగా పట్టుకుని చూశాడు. ఎంత చూసినా ఎనిమిదే.

గురువారం నాగులమ్మ వచ్చినప్పుడు, "ఆ పొద్దు నేను తేదీ సరిగ్గా చూడలేదు. ఇంకా టైముంది," అని చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం చూసి ఆయన తల తిప్పుకున్నాడు గాని, లోపల మాత్రం సంతోషంగానే ఉంది.

ఆ సాయంత్రమే ఆమెను ప్లీడరు రాజారత్నం దగ్గరికి వెంటబెట్టుకుపోయాడు. రాజారత్నం నెమ్మదిగా ప్రశ్నలడిగే మనిషి. పేదవాళ్ల దగ్గర ఫీజు కోసం పట్టుబట్టడని చర్చి వీధిలో చెప్పుకునేవాళ్లు. ప్రోనోటు ముందూ వెనకా చూసి, "వడ్డీ గాని, అసల్లో గాని ఏమన్నా కట్టినాడామ్మా?" అని నాగులమ్మను అడిగాడు.

ఆమె నోట ఏ సంవత్సరం వస్తుందో, ఏ మాటతో ఏది బయటపడుతుందో అని భయపడి వరదయ్య, ఆమె నోరు తెరిచేలోపలే అందుకున్నాడు.

"పైసా ఇవ్వలేదయ్యా. ఒక్క పైసా కూడా."

నాగులమ్మ ఆయన వైపు చూసింది. కోర్టు సంగతులు ఆయనకు తెలుసు గదా అనుకుందేమో, చెప్పబోయింది ఆపేసి తల వంచుకుంది.

నోటీసు పోయింది, దావా పడింది. కొన్ని నెలలకు ధనంజయ జవాబు దాఖలు చేశాడు. అందులో అప్పు తీసుకోలేదని లేదు. తీసుకున్నది 1976లో అనీ, తేదీ దిద్దారనీ, దిద్దిన నోటు చెల్లదనీ మాత్రమే ఉంది. రాజారత్నం వరదయ్యను పిలిపించి ఆ జవాబు చదివి వినిపించాడు.

"రాసింది నువ్వు. నిజం నాకు ముందే తెలిస్తే మంచిది. ఏ సంవత్సరం రాసినావు?"

"డెబ్భై ఎనిమిదేనయ్యా," అన్నాడు వరదయ్య. అంత తేలిగ్గా అనగలిగినందుకు తర్వాత తనకే ఆశ్చర్యమేసింది.

వాయిదాల మీద వాయిదాలు పడి, 1981 జులైలో కేసు విచారణకొచ్చింది. మొదట నాగులమ్మ సాక్ష్యం అయింది. అప్పిచ్చానంది, ఏ ఏడు అంటే కాయితంలో ఉండేదే అంది. తర్వాత వరదయ్య బోనెక్కాడు. ముప్పై ఏళ్లలో ఆ బోను ఆయన ఎన్నోసార్లు ఎక్కాడు. రాసినవాడిగా వచ్చి, 'అవును, ఇది నా రాతే' అని చెప్పి దిగిపోవడం ఆయనకు అలవాటు.

ధనంజయ తరపు వకీలు నోటు ఆయన చేతికిచ్చాడు. సిరా గురించి అడగలేదు. అంకె గురించి అడగలేదు.

"సాక్షి కుప్పయ్య ఈ సంతకం మీ ముందే పెట్టినాడా?"

"పెట్టినాడు."

"నోటు రాసిన పొద్దేనా?"

"ఆ పొద్దే. నా బల్ల మీదనే."

"కుప్పయ్య మీకు బాగా తెలుసునా?"

"నలభై ఏండ్ల స్నేహం."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"చనిపోయినాడు."

"ఎప్పుడు?"

వరదయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడు కుప్పయ్య పాడె కళ్ల ముందుకొచ్చింది. తను భుజం పట్టిన పాడె. శ్మశానానికి నడుస్తూ అందరూ ఉప్పెన గురించే మాట్లాడుకున్నారు. దివిసీమలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయి అప్పటికి పదిరోజులు కూడా కాలేదు. ఉప్పెన వచ్చింది డెబ్భై ఏడు నవంబరులో.

వరదయ్య చేతిలోని నోటు కేసి చూశాడు. ఆ రోజు ఆరు అంకెను ఎట్లా వంచాలో అంత జాగ్రత్తగా చూసుకున్నాడు. దానికి జానెడు కిందనే ఉన్న స్నేహితుడి సంతకాన్ని చూడనే లేదు. చచ్చిపోయిన ఆరు నెలలకు కుప్పయ్య వచ్చి తన బల్ల మీద సాక్షి సంతకం పెట్టి పోయినట్టు అయింది ఆ కాగితంలో.

వకీలు మునిసిపాలిటీ నుంచి తెచ్చిన మరణ ధ్రువపత్రం జడ్జికి అందించాడు. జడ్జి చదివి, కళ్లద్దాల మీదుగా వరదయ్యను చూశాడు.

"ఏమయ్యా, చెప్పు."

ఎదురుగా బెంచీ చివర నాగులమ్మ కొంగు పట్టుకుని కూర్చుని ఉంది. ఏం జరుగుతూ ఉందో ఆమెకు తెలియడం లేదు. తనవాడే బోనులో ఉన్నాడన్న ధైర్యంతో చూస్తోంది. వరదయ్య జడ్జి వైపు తిరిగాడు.

"డెబ్భై ఆరులోనే రాసినానయ్యా. ఎనిమిదిగా నేనే దిద్దినాను. ఆయమ్మకు తెల్దు. గడువు దాటిందని దిద్దినాను. ఆయమ్మకు ఏమీ తెల్దు."

రాజారత్నం లేచి నిలబడ్డాడు. తన ముందున్న దావా కాగితాలు మూసేసి కూర్చున్నాడు.

తీర్పు పదిహేను రోజుల తర్వాత వచ్చింది. అప్పు అబద్ధమని ఈ కోర్టు అనడం లేదన్నాడు జడ్జి. కాని నోటులో తేదీ ముఖ్యమైన సంగతి, బాకీదారుడి సమ్మతి లేకుండా దాన్ని మారిస్తే నోటు మొత్తం చెల్లదు. మార్చింది వాది కాకపోయినా, ఆమె అప్పగించిన మనిషి చేతిలో ఉండగా జరిగింది గనక నష్టం ఆమే భరించాలి. దావా కొట్టేశాడు. దస్తావేజు లేఖరి లైసెన్సు సంగతి జిల్లా రిజిస్ట్రారు చూసుకోవాలని కూడా రాశాడు.

వరదయ్య వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో పక్కకొచ్చారు. ధనంజయ. కేసు గెలిచిన సంతోషం మొహంలో దాగడం లేదు. కాని ఎగతాళి చేయడానికి వచ్చినట్టు లేడు. నిజంగానే ఒక మాట చెప్పుకోవాలని వచ్చినట్టున్నాడు.

"వరదయ్యన్నా, నీకు సెప్పకుండా పోతే నాకు మనసొప్పదు. నువ్వు ఆ అంకె జోలికి పోకుండా ఉండింటే నేను మునిగిపోయేవాణ్ణి."

"ఏంది నువ్వనేది? గడువు దాటిపోయె గదా."

"యాడ దాటింది? గూడూరు నుంచి ఆయమ్మకు వడ్డీ కింద రెండొందల నలభై మనియార్డరు పంపించినా. పోస్టుమాను ఆయమ్మకిచ్చే కూపను మీద నా సేత్తోనే రాసినా, ప్రోనోటు వడ్డీ అని. డెబ్భై ఎనిమిది మేలో. ఆ కూపను కోర్టులో పెట్టింటే గడువు ఆ పొద్దు నుంచి మళ్లీ మూడేండ్లంట. మా వకీలు సెప్పినాడు. ఎప్పుడు బయటికి తీస్తారో అని రొండేండ్లు నాకు బువ్వ సహించలేదు. ఆయమ్మ పారేసినట్టుండాది."

ధనంజయ స్కూటరు దగ్గరికి నడిచిపోయాడు. చుట్టూ మనుషులు తిరుగుతున్నారు, బంట్రోతు ఎవరి పేరో కేకేస్తున్నాడు. 'ఆయప్ప గూడూర్లో ఉన్నప్పుడు ఒకసారి' అని నాగులమ్మ అన్నది వరదయ్యకు గుర్తొచ్చింది. ఉండు, ఆలోచించనీ అని ఆపింది తనే. ప్లీడరు అడిగినప్పుడు ఆమె నోటికి అడ్డం పడి పైసా ఇవ్వలేదన్నదీ తనే.

మెట్ల మీద నాగులమ్మ, ఆమె పక్కన రాజారత్నం నిలబడి ఉన్నారు. వరదయ్య వాళ్ల దగ్గరికి ఎట్లా నడిచాడో ఆయనకే తెలియదు.

"నాగులమ్మా, గూడూరు నుంచి మనియార్డరు వచ్చిందా నీకు?"

"వచ్చింది గదన్నా. నీకు సెప్పబోతే ఉండమంటివి. దాని సీటీ దాసిపెట్టినా."

గుడ్డసంచి విప్పి, మడతలు పెట్టిన చిన్న కాగితం తీసింది. నలిగి అంచులు మెత్తబడిపోయాయి గాని రాత చెరగలేదు. 'ప్రోనోటు బాకీకి వడ్డీ రూ. 240 పంపడమైనది. ముట్టినట్టు తెలుపగలరు. ధనంజయ.' గూడూరు పోస్టాఫీసు ముద్ర గుండ్రంగా స్పష్టంగా ఉంది. 9 మే 1978.

రాజారత్నం ఆ కూపన్ని రెండుసార్లు చదివాడు. మెట్టు మీద కూర్చున్నాడు. నల్లకోటుతో ఆయన అట్లా మెట్టు మీద కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు.

"ఇది ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందామ్మా?"

"సంచిలోనే ఉండాది అయ్యా. పని జరుగుతాదా దీంతో? ఇప్పుడు సూపించేదా జడ్జిగారికి?"

"ఆ పొద్దు నా చేతికొచ్చుంటే జరిగేది. నోటు ఉన్నది ఉన్నట్టు పెట్టి, పక్కన ఇది పెట్టుంటే అతనికి చెప్పడానికి మాట ఉండేది కాదు. నువ్వు వరదయ్య దగ్గరికొచ్చిన రోజుకు నీకింకా ఏడాదిన్నర టైముంది. ఇప్పుడు పైకోర్టుకు పోయినా లాభం లేదమ్మా. ఈ చీటీ ఆ నోటుకే ప్రాణం పోస్తుంది. ఆ నోటే పోయింది."

నాగులమ్మ ఒక్కొక్క మాటా లోపలికి తీసుకుంటున్నట్టు నిలబడింది. తర్వాత వరదయ్య వైపు తిరిగింది.

"అంటే నువ్వు ముట్టుకోకుండా ఉండింటే నా దుడ్లు నాకొచ్చేటివి."

"వచ్చేటివి," అన్నాడు వరదయ్య.

"నన్ను అడిగింటే సెప్పేదాన్ని గదన్నా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కూపను మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుని, కోర్టు గేటు దాటి బస్టాండు వైపు వెళ్లిపోయింది. వరదయ్య అక్కడే నిలబడిపోయాడు. బంట్రోతు వచ్చి, "కోర్టు మూసేస్తాండారు సామీ, ఇంటికి పో," అని చెప్పేదాకా కదల్లేదు.

ఇంట్లో భార్య జ్ఞానాంబ పళ్లెం పెడితే అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. దాచాల్సిందేమీ మిగల్లేదు.

"మంచే జేద్దామనుకున్నావు," అంది ఆమె.

"అందుకే ఎవుర్నీ అడగలేదు," అన్నాడాయన.

నెల తిరక్కముందే లైసెన్సు రద్దయిందని కాగితం వచ్చింది. రేకుల పంచ కింది బల్ల వేరేవాళ్లు తీసుకున్నారు. ఇంకొకరి బెల్లం మండీలో మూటల లెక్క రాసే పని ఒకటి దొరికింది. అది దొరికిన వారానికి ఆయన తిరపతి బస్సెక్కి పూతలపట్టులో దిగాడు.

నాగులమ్మ పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో తుడుస్తోంది. ఆయన్ని చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. వరదయ్య జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు వేలకు ప్రోనోటు. ఇన్నేళ్లలో వేలమంది చేత సంతకాలు పెట్టించిన మనిషి, మొదటిసారి స్టాంపు మీద తన పేరు తనే రాసుకున్నాడు.

"ఏంది ఇది?"

"నీ బాకీ నామీద రాసుకున్నా. ధనంజయ ఇవ్వాల్సింది నేనిస్తా. ఇయ్యకపోతే కోర్టుకు పోవచ్చు నువ్వు."

"రాసిందెవురు?"

"నేనే."

"అయితే నాకొద్దు." కాగితాన్ని వేలితో ఆయన వైపు నెట్టింది. "కోర్టుకు ఇంగ నేను రాను. ఇచ్చేదుంటే నెలనెలా తెచ్చి ఈడ నా సేతిలో పెట్టు. ఇయ్యలేని నెల ఆ మాటన్నా వచ్చి సెప్పు. కాయితం వద్దు."

ఆయన ఆ నోటును చింపి పొయ్యిలో వేశాడు. జీతం నూటడెబ్భైలో అరవై తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె లెక్కపెట్టుకుని డబ్బాలో వేసింది. కాసేపటికి ఆయన ముందు ఆకులో రెండు దోసెలు పెట్టింది. తిన్నాక వాటికి డబ్బులడిగి తీసుకుంది.

అట్లా నెలలు గడిచాయి. మండీ పని లేని నెల కూడా ఆయన వచ్చి, లేదని చెప్పి, తిరిగి బస్సెక్కేవాడు. ధనంజయ ఆ దారిన స్కూటరు మీద పోతూ చాలాసార్లు కనబడేవాడు. ఆ అంగడి ముందు మాత్రం ఆపేవాడు కాదు.

రెండో ఏడు ఎండాకాలంలో ఒకరోజు డబ్బు చేతికిచ్చాక నాగులమ్మ లోపలికి పోయి ఒక కవరు తెచ్చింది. పంచాయతీ నుంచి వచ్చిందట. రోడ్డు వెడల్పు చేస్తారని, అంగళ్లు తీసేస్తారని క్రాసులో అందరూ అనుకుంటున్నారట.

"సదివి సెప్పు," అంది. కవరు ఇస్తూ ఒక క్షణం చేతిలోనే పట్టుకుంది. "సదివేది మాత్రమే. ఏమీ రాయొద్దు."

వరదయ్య కళ్లద్దాలు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నిదానంగా చదివాడు. తేదీ చెప్పాడు, గడువు ఎప్పటికో చెప్పాడు. ఆమెకు అర్థమైందో లేదో అడిగి, మళ్లీ ఒకసారి చదివాడు.

"అంగడికి సంబంధించి ఇంకేమన్నా కాయితాలు ఉండాయా నాగులమ్మా? పన్ను రసీదులు, పాత నోటీసులు, ఏవైనా సరే. నీకు అక్కర్లేదనిపించేవి కూడా."

"శానా ఉండాయి."

"నాకేం తొందర లేదు. అన్నీ తీసుకురా."

ఆమె పొయ్యి మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. వరదయ్య జేబులోని కలం తీసి బల్లకు దూరంగా, నీళ్ల కుండ మూత మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు.